సొంత సైట్ల మధ్య లింకులు: ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తీసేయాలి

పచ్చళ్లు అమ్మే వ్యాపారం ఒకటి ఉందనుకోండి. అమ్మకాలకు ఒక సైటు. వంటలు ఎలా చేయాలో రాసే తెలుగు సైటు ఇంకొకటి. అమెరికాలో ఉన్నవాళ్లు ఆర్డరు పెట్టుకోవడానికి ఇంగ్లిష్‌లో మూడోది. పెళ్లిళ్ల క్యాటరింగుకు నాలుగోది. నాలుగు సైట్లలోనూ ప్రతి పేజీ అడుగున "మా ఇతర సైట్లు" అని ఒక పట్టీ, అందులో మిగతా మూడింటి లింకులు. ఇలా పెడితే గూగుల్‌లో పైకొస్తారని సైటు కట్టినవాళ్లు చెప్పి ఉంటారు. ఆ పట్టీతో పైకి రావడం జరగదు. అవే సైట్ల మధ్య వేరే చోట, వేరే రకంగా పెట్టిన లింకు మాత్రం పనికొస్తుంది. ఈ నాలుగు సైట్లనే ఉదాహరణగా పట్టుకుని, దేని తర్వాత ఏది సరిచేసుకోవాలో చూద్దాం.

ముందు లెక్క తెలుసుకోండి

లింకు గూగుల్‌కు రెండు రకాలుగా పనికొస్తుంది. ఫలానా చోట ఒక పేజీ ఉందని తెలుసుకునే దారి ఒకటి. ఆ పేజీ బాగుందని ఎవరో పలికిన సాక్ష్యం రెండోది. మొదటి పనిని సొంత సైట్ల లింకులు కూడా చక్కగానే చేస్తాయి. కొత్తగా తెరిచిన సైటుకు పాత సైటు నుంచి ఒక్క లింకు ఇస్తే చాలు, గూగుల్ బాటు (పేజీలు చదువుతూ తిరిగే గూగుల్ ప్రోగ్రాం) అటు తొందరగా వెళుతుంది. పేచీ అంతా సాక్ష్యం దగ్గరే. చదివింపుల పుస్తకం నిండా ఇంటివాళ్ల పేర్లే ఉంటే పెళ్లి ఘనంగా జరిగిందని ఎవరూ అనుకోరు.

సెర్చ్ ఇంజన్లు కట్టేవాళ్లకు ఈ అనుమానం నిన్నమొన్న వచ్చింది కాదు. కృష్ణ భరత్, జార్జ్ మిహైలా 2000 ప్రాంతంలో రూపొందించిన హిల్‌టాప్ అనే సెర్చ్ ఫలితాల వరుస కట్టే పద్ధతిలోనే దీనికి ఒక పరీక్ష ఉంది. రెండు సైట్ల ఐపీ చిరునామాల్లో (సైటు ఉన్న సర్వరుకు ఇచ్చే నాలుగు భాగాల నంబరు) మొదటి మూడు భాగాలు కలిసినా, డొమైన్ పేరులోని అసలు మాట ఒకటే అయినా, ఆ రెండూ చుట్టాలేనని లెక్కకట్టి, వాటి మాటలను వేర్వేరు సాక్ష్యాలుగా తీసుకునేవారు కాదు. తర్వాత ఆ పద్ధతి హక్కులు గూగుల్ చేతికే వచ్చాయి. పాతికేళ్ల కిందటే ఇంత చూసినవాళ్లు ఇప్పుడు ఎంత చూడగలరో ఊహించుకోండి.

ఇక పంపకం లెక్క. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫోర్డ్‌లో ఉండగా 1998లో ప్రకటించిన పేజ్‌ర్యాంక్ సూత్రం (లింకులను బట్టి పేజీకి విలువ కట్టే లెక్క) ప్రకారం ఒక పేజీ విలువలో 0.85 వంతు ఆ పేజీలోని లింకుల మీదుగా బయటికి పారుతుంది. ఎన్ని లింకులుంటే అన్ని సమాన వాటాలు. వంటల సైటులో మీ గోంగూర పచ్చడి పేజీ విలువ 1 అనుకుందాం. ఆ పేజీలో 10 లింకులుంటే ఒక్కోదానికి 0.085 అందుతుంది. అడుగున మూడు సైట్ల పట్టీ తగిలించారు. ఇప్పుడు 13 లింకులు, ఒక్కోదానికి సుమారు 0.065. మీ మామిడికాయ పచ్చడి పేజీకి, చింతకాయ పచ్చడి పేజీకి పోవాల్సిన నీళ్లలో కొన్ని, గోంగూరతో ఏ సంబంధమూ లేని క్యాటరింగు సైటుకు మళ్లాయన్నమాట. వంటల సైటులో 300 పేజీలుంటే 300 చోట్లా ఇదే జరుగుతుంది.

ఆ లింకులకు నోఫాలో (ఈ లింకును సాక్ష్యంగా లెక్కించొద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు) పెడితే వాటా మన పేజీలకే మిగులుతుంది కదా అనే ఉపాయం ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. ఒకప్పుడు మిగిలేది. ఆ లెక్క మార్చేశామని గూగుల్ వెబ్‌స్పామ్ జట్టును నడిపిన మ్యాట్ కట్స్ 2009 జూన్‌లో చెప్పేశారు. 10 లింకుల్లో 4 నోఫాలో అయితే పాత లెక్కలో మిగతా ఆరింటికి ఒక్కోదానికి 0.14 పైచిలుకు వచ్చేది. మార్చాక వచ్చేది 0.085 మాత్రమే. ఆ నాలుగింటి వాటా ఎవరికీ చెందకుండా ఆవిరైపోతుంది.

ఇవాళ గూగుల్ వాడే అసలు లెక్కలో ఇంకా చాలా సంగతులు కలుస్తాయి, వాటన్నిటినీ బయటపెట్టదు. అందరికీ సమాన వాటా అన్నది కూడా పాతబడింది. పాఠకుడు ఏ లింకు నొక్కే అవకాశం ఎక్కువో, లింకు పేజీలో ఎక్కడ ఉందో, ఎలా కనిపిస్తుందో చూసి బరువు కట్టే పద్ధతికి గూగుల్‌కు 2010లో పేటెంట్ వచ్చింది. వ్యాసం మధ్యలో ఉన్న లింకు, అడుగు పట్టీలో ఎవరూ చూడని లింకు ఒకే తూకం తూగవని దీన్నిబట్టే అర్థమవుతుంది.

మొదటి అడుగు: ఉన్న లింకులన్నీ రాసుకోండి

పాత లింకులేవో తేల్చకుండా కొత్తవి పెట్టొద్దు. ఒక షీటు తెరిచి ఆరు నిలువు వరుసలు పెట్టండి: లింకు ఉన్న పేజీ, అది వెళ్లే పేజీ, లింకు మీద కనిపించే మాటలు, చోటు (పై మెనూ, వ్యాసం లోపల, పక్క పట్టీ, అడుగు), రెల్ గుర్తు (నోఫాలో లాంటివి), మీ నిర్ణయం. చివరిది ఇప్పటికి ఖాళీగా వదిలేయండి.

నింపడానికి స్క్రీమింగ్ ఫ్రాగ్ లాంటి క్రాలర్ (సైటులోని పేజీలన్నీ తిరిగి లింకులు పోగుచేసే సాఫ్ట్‌వేర్) వాడండి. ఉచిత కాపీ ఒక విడతకు 500 చిరునామాల వరకు తిరుగుతుంది, చిన్న సైటుకు సరిపోతుంది. ఒక్కో సైటును విడిగా తిప్పి, బయటికి వెళ్లే లింకుల జాబితాలో మీ మిగతా డొమైన్ల పేర్లతో వడపోయండి. తర్వాత సెర్చ్ కన్సోల్‌లో (సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే ఉచిత పనిముట్టు) లింకుల నివేదిక తెరిచి, మీకు ఎక్కువగా లింకు ఇస్తున్న సైట్ల పట్టిక చూడండి. అక్కడ మొదటి మూడు వరసల్లోనూ మీ సొంత సైట్లే ఉండి, వాటి నుంచి వచ్చే లింకులు వేలల్లోనూ బయటివాళ్లవి పదుల్లోనూ ఉంటే జబ్బు ఏమిటో దొరికినట్టే.

మీరు మరిచిపోయిన డొమైన్లు కూడా ఈ పనిలో బయటపడతాయి. ఎప్పుడో పండగ ఆఫర్ కోసం తెరిచి వదిలేసినది, పేరు తప్పుగా టైపు చేసేవాళ్ల కోసం కొన్నది, డెవలపర్ పరీక్షకు పెట్టి తీయనిది. ఇలాంటి పాడుబడ్డ సైటులోకి ఎవరైనా చొరబడి జూదం లింకులు నింపితే, అక్కడి నుంచి మీ అసలు సైటుకున్న లింకు మీకు మంచి చుట్టరికం కాదు.

రెండో అడుగు: అసలు ఇన్ని సైట్లు కావాలా?

నాలుగు సైట్లను లింకులతో కలపాలా అని అడిగేవాళ్లలో చాలామందికి కావాల్సింది ఒకే సైటు. బయటివాళ్లు ఇచ్చిన నలభై లింకులు నాలుగు డొమైన్లకు పదేసి చొప్పున చీలిపోయే బదులు ఒకే చోట చేరితే మేలు. ఆ మేలు పట్టీ లింకులతో రాదు. వేరే సైటు ఉండాలంటే కారణం కూడా వేరేగా ఉండాలి. కొనేవాళ్లు వేరు కావాలి, లేదా ధరలు, డెలివరీ, చట్టపరమైన వివరాలు వేరే దేశానివి కావాలి, లేదా బ్రాండే వేరు కావాలి. మా ఉదాహరణలో క్యాటరింగుకు, అమెరికా అమ్మకాలకు విడి సైట్లు ఉండొచ్చు. వంటల సైటు మాత్రం అమ్మకాల సైటులోనే "వంటలు" అనే ఫోల్డరుగా ఉంటే బాగుండేది. సబ్‌డొమైన్ (అసలు పేరుకు ముందు ఇంకో మాట చేర్చిన చిరునామా) అయినా ఫోల్డర్ అయినా తమకు ఒకటేనని గూగుల్ అంటుంది. చిన్న వ్యాపారానికి నా ఓటు ఫోల్డరుకే. ఒకే చోట నిర్వహణ, ఒకే కొలత, మెనూ కూడా ఒకటే.

కలపాలని నిర్ణయిస్తే ఇలా చేయండి. పాత పేజీల చిరునామాలు, వాటికి సరిజోడైన కొత్త చిరునామాలు పక్కపక్కన రాయండి. ఒక్కో పేజీని దాని జోడీకి 301 రిడైరెక్టుతో (పేజీ శాశ్వతంగా మారిందని చెప్పి కొత్త చిరునామాకు పంపే ఏర్పాటు) మళ్లించండి. అన్నిటినీ హోం పేజీకి మళ్లించడం అందరూ చేసే పొరపాటు. గోంగూర పచ్చడి కోసం వచ్చినవాళ్లకు హోం పేజీ చూపిస్తే గూగుల్ దాన్ని "పేజీ లేదు" కిందే లెక్క వేయవచ్చు. అప్పుడు ఆ పేజీ సంపాదించుకున్న లింకుల విలువ కూడా గంగలో కలుస్తుంది. జోడీ లేని పేజీని మళ్లించకండి, 404 (పేజీ దొరకలేదు) గానో 410 (పేజీ తీసేశాం) గానో వదిలేయండి.

ఒక చిరునామా నుంచి ఇంకోదానికి, అక్కడి నుంచి మూడోదానికి గొలుసుగా మళ్లించొద్దు. గూగుల్ బాటు 10 గెంతుల వరకు వస్తుంది కానీ మీరు ఒక్క గెంతులో చేర్చండి. రిడైరెక్టులను కనీసం ఏడాది ఉంచమని గూగుల్ సలహా. డొమైన్ ఖర్చు భరించగలిగితే ఎప్పటికీ ఉంచేయండి. వదిలేసిన డొమైన్‌ను ఇంకెవరో కొని మీ పాత పేరు మీద చెత్త నింపిన సందర్భాలు కొల్లలు.

మూడో అడుగు: అడుగు పట్టీని ఏం చేయాలి?

గూగుల్ స్పామ్ నియమాల్లో లింకు స్పామ్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో, రకరకాల సైట్ల అడుగు భాగంలోనో టెంప్లేటులోనో విస్తారంగా పరిచిన లింకులు ఒకటి. "నువ్వు నాకిస్తే నేను నీకిస్తా" అనే లింకుల మార్పిడి మితిమీరడం, కేవలం లింకుల కోసమే పెట్టిన భాగస్వాముల పేజీలు కూడా అందులో ఉన్నాయి. అంటే ఒక కంపెనీ తన రెండు సైట్లకు అడుగున లింకు పెట్టుకోగానే శిక్ష పడుతుందని కాదు. పెద్ద సంస్థలన్నీ పెట్టుకుంటాయి, మామూలుగా గూగుల్ దాన్ని పట్టించుకోదు. మోసం వాసన వచ్చేది లింకు మీది మాటల్లో. "మా క్యాటరింగు విభాగం" అని ఉంటే అది పాఠకుడి కోసం. "విజయవాడ బెస్ట్ క్యాటరింగ్ తక్కువ ధర" అని 300 పేజీల్లో ఉంటే అది ఎవరి కోసమో చెప్పక్కర్లేదు.

కాబట్టి అన్ని పేజీల్లోంచి పట్టీ తీసేయండి. హోం పేజీలోనో "మా గురించి" పేజీలోనో ఒకచోట మీ సంస్థలు ఇవి అని బ్రాండు పేర్లతో లింకులు పెట్టండి. నాలుగు సైట్లదీ ఒకే యాజమాన్యమని ధైర్యంగా చెప్పుకోండి. దాచిపెట్టడానికి నాలుగు హోస్టింగులు, నాలుగు పేర్ల మీద రిజిస్ట్రేషన్లు తీసుకునేవాళ్లున్నారు. ఒకే సర్వరులో నాలుగు సైట్లు ఉండటం తప్పేమీ కాదు, ఎవరూ తప్పుపట్టరు. దాచే ప్రయత్నమే అనుమానం పుట్టిస్తుంది, పైగా ఖర్చు.

సైట్లు మరీ ఎక్కువగా, పదో ఇరవయ్యో ఉంటే ప్రతిదాన్నీ ప్రతిదానితో కలపొద్దు. ఇరవై సైట్లు ఒకదానికొకటి లింకు ఇచ్చుకుంటే 380 లింకులవుతాయి. పాఠకుడికి వాటిలో పది కూడా అక్కరకు రావు. సంస్థ ప్రధాన సైటులో ఒక జాబితా పేజీ పెట్టి, ప్రతి సైటు నుంచి ఆ ఒక్క పేజీకి లింకు ఇస్తే సరిపోతుంది.

నాలుగో అడుగు: పనికొచ్చే లింకు పెట్టడం

దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి, ఫలితం ఇక్కడే ఉంది. వంటల సైటు, అమ్మకాల సైటు విడిగానే ఉంచారనుకుందాం. హోం పేజీ నుంచి హోం పేజీకి లింకు కాదు కావాల్సింది. పేజీ నుంచి పేజీకి.

గోంగూర పచ్చడి ఎలా చేయాలో రాసిన వ్యాసం తీయండి. అందులో ఎర్ర గోంగూర ఆకు ఒలిచి, కడిగి, నీడన ఆరబెట్టి, నూనెలో మగ్గించమని రాశారు. ఆకు దొరకనివాళ్లు ఏం చేయాలి? అక్కడ ఒక వాక్యం రాయండి: "ఆకు దొరకని ఊళ్లో ఉంటే నూనెలో మగ్గించిన గోంగూర ముద్ద మా దుకాణంలో దొరుకుతుంది." ఇందులో "నూనెలో మగ్గించిన గోంగూర ముద్ద" అన్న మాటలకు, అమ్మకాల సైటులో సరిగ్గా ఆ సరుకు ఉన్న పేజీకి లింకు ఇవ్వండి. ఈ లింకు పాఠకుడికి ఆ క్షణాన కావాల్సింది. నొక్కే అవకాశం ఉంది. చుట్టూ ఉన్న వాక్యాలు ఆ పేజీ దేని గురించో గూగుల్‌కు చెబుతాయి. అటునుంచి ఇటు కూడా అంతే. గోంగూర ముద్ద అమ్మే పేజీలో "దీంతో గోంగూర పప్పు ఎలా చేయాలి" అని వంట పేజీకి ఒక లింకు. ఒక వ్యాసానికి ఇలాంటివి ఒకటో రెండో చాలు. గూగుల్ పెట్టిన హద్దు కాదిది, చదివేవాళ్ల ఓపికకున్న హద్దు.

లింకు మీది మాటల విషయంలో తెలుగుకు ఒక సౌకర్యం ఉంది. వాక్యంలో కుదిరేటప్పుడు మాట రూపం దానంతటదే మారుతుంది: గోంగూర పచ్చడి, గోంగూర పచ్చడికి, గోంగూర పచ్చళ్లలో. ప్రతి చోటా ఒకే కీవర్డును కుక్కడానికి వాక్యాన్ని వంకర చేయకండి, విభక్తితో సహా లింకు చేయండి. "ఇక్కడ నొక్కండి" అని మాత్రం వద్దు. ఆ మాటల్లో పేజీ గురించి ఏమీ లేదు. బొమ్మకు లింకు ఇస్తే బొమ్మ ఆల్ట్ వివరణే (బొమ్మలో ఏముందో కోడులో రాసే మాటలు) లింకు మాటల స్థానంలో పనిచేస్తుంది. దాన్ని ఖాళీగా వదలొద్దు.

లింకు హెచ్‌టీఎంఎల్ కోడులో మామూలు <a> ట్యాగుగా, దాని href లో పూర్తి చిరునామాతో ఉండాలి. బటన్ నొక్కితే జావాస్క్రిప్టు పేజీ మార్చేలా కట్టిన "కొనండి" బొత్తాన్ని గూగుల్ లింకుగా చూడకపోవచ్చు. అందమైన థీములు కొన్నవాళ్లకు తరచుగా ఎదురయ్యే బాధ ఇది. అనుమానముంటే లింకు మీద మౌస్ కుడి బొత్తాం నొక్కండి. "కొత్త ట్యాబులో తెరువు" అన్న వరస రాకపోతే అది లింకు కాదు.

తెలుగు అక్షరాల్లో ఉన్న చిరునామాతో ఇంకో చిక్కు. లింకును కాపీ చేయగానే ఒక్కో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, సున్నా విడివిడిగా తొమ్మిదేసి గుర్తులుగా మారిపోతాయి. "గోంగూర" అన్న చిన్న మాటే 54 గుర్తులవుతుంది. గూగుల్‌కు ఇది అర్థమవుతుంది, ర్యాంకుకు నష్టం లేదు. కానీ వర్డ్‌ప్రెస్ ఇలాంటి చిరునామాను 200 గుర్తుల దగ్గర కోసేస్తుంది, అంటే 22 అక్షర గుర్తులు దాటితే తోక తెగుతుంది. మీరు శీర్షిక చూసి ఊహించి చేత్తో రాసిన లింకు 404కు పోతుంది. కాబట్టి చిరునామాను ఎప్పుడూ బ్రౌజరులో తెరిచి అక్కడి నుంచే తీసుకోండి. కొత్త పేజీలకైతే చిరునామా మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా పెట్టుకోండి.

రెల్ గుర్తులు, భాషలు, నకళ్లు

నోఫాలో 2005లో వచ్చింది, ముఖ్యంగా వ్యాఖ్యల్లో స్పామ్ అరికట్టడానికి. 2019 సెప్టెంబరులో గూగుల్ దానికి మరో రెండు జోడించింది: డబ్బు తీసుకుని ఇచ్చిన లింకులకు స్పాన్సర్డ్, పాఠకులు రాసిన వాటిలోని లింకులకు యూజీసీ. అప్పటి నుంచి ఇవి మూడూ ఆజ్ఞలు కావు, సూచనలు మాత్రమే. సొంత సైట్ల మధ్య నాలుగో అడుగులో చెప్పినట్టు పెట్టిన లింకుకు ఏ గుర్తూ అక్కర్లేదు. మీ పేజీని పాఠకుడికి మీరు చూపిస్తున్నారు, అందులో దాచేదేముంది? పాత సైటులో వందల పేజీల్లో ఉన్న టెంప్లేటు లింకును ఏదో సాంకేతిక కారణంతో తీయలేకపోతే అప్పుడు నోఫాలో పెట్టండి. కొత్త ట్యాబులో తెరిచే లింకులకు వర్డ్‌ప్రెస్ చేర్చే నోఓపెనర్ ర్యాంకును తాకదు. నోరెఫరర్ కూడా తాకదు, కానీ పాఠకుడు ఏ సైటు నుంచి వచ్చాడో అవతలి సైటు కొలతల్లో కనబడకుండా చేస్తుంది. సొంత సైట్ల మధ్య దాన్ని తీసేయండి.

ఒకే పేజీ తెలుగులో ఒక సైటులో, ఇంగ్లిష్‌లో ఇంకో సైటులో ఉంటే హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగులు (ఏ పేజీ ఏ భాషకో, ఏ దేశానికో గూగుల్‌కు చెప్పే గుర్తులు) పెట్టండి. డొమైన్లు వేరైనా ఇవి పనిచేస్తాయి. మూడు షరతులు. ఒకటి, రెండు పేజీలూ ఒకే విషయానివి కావాలి. తెలుగు వంట పేజీకి ఇంగ్లిష్ హోం పేజీని జోడీ కట్టకూడదు. రెండు, ప్రతి పేజీ తన పేరు కూడా జాబితాలో రాసుకోవాలి. మూడు, ఇటు నుంచి అటు చెప్పినది అటు నుంచి ఇటు కూడా చెప్పాలి. ఒకవైపే ఉంటే గూగుల్ పట్టించుకోదు. ఎక్కువమంది తప్పేది ఈ మూడో షరతే, ఎందుకంటే రెండో సైటు పాస్‌వర్డు వేరొకరి దగ్గర ఉంటుంది. ఈ ట్యాగు ర్యాంకు పెంచేది కాదు. డాలస్‌లో వెతికేవాళ్లకు డాలర్ల ధరలున్న పేజీ, గుంటూరులో వెతికేవాళ్లకు రూపాయల పేజీ చూపించడానికి.

ఒకే వ్యాసం అక్షరం పొల్లుపోకుండా రెండు సైట్లలో ఉంటే, ఏది అసలో గూగుల్ తనే ఎంచుకుంటుంది, అది మీరు కోరుకున్నది కాకపోవచ్చు. నకలు ఉన్న పేజీలో, అసలు పేజీ ఏదో గూగుల్‌కు చెప్పే కానానికల్ ట్యాగు పెట్టి అసలు పేజీ చిరునామా ఇవ్వండి. అంతకంటే నకలు తీసేసి, ఆ చోట రెండు వాక్యాలు, ఒక లింకు పెట్టడం మంచిది.

ఎక్కడ బెడిసికొడుతుంది

ఊరికో డొమైన్. విజయవాడకు ఒకటి, వైజాగ్‌కు ఒకటి, తిరుపతికి ఒకటి కొని, లోపల ఊరి పేరు మాత్రం మార్చి, అన్నిటి లింకులూ ఒకే ఆర్డరు పేజీకి తిప్పడం. వీటిని గూగుల్ దొంగ వాకిళ్లుగా, అంటే డోర్‌వే పేజీలుగా లెక్కేస్తుంది. ఊరికి నిజంగా వేరే శాఖ, వేరే చిరునామా, వేరే మెనూ ఉంటే ఒకే సైటులో ఊరికో పేజీ పెట్టండి, అందులో ఆ ఊరి సంగతులే రాయండి.

పాత డొమైన్ కొనడం. ఎప్పుడో మంచి పేరున్న ఒక స్వచ్ఛంద సంస్థ సైటు గడువు తీరిపోతే కొనేసి, దాని లింకుల బలంతో పచ్చళ్లు అమ్మబోవడం. 2024 మార్చిలో గూగుల్ స్పామ్ నియమాల్లో దీనికి పేరు పెట్టి మరీ చేర్చింది. పేరున్న సైటులో ఒక ఫోల్డరు అద్దెకు తీసుకుని సంబంధం లేని సరుకు పెట్టడం మీదా అప్పుడే నియమం ప్రకటించి, మే నుంచి అమలు మొదలుపెట్టింది.

లింకుల కోసమే నడిపే సైట్ల గుంపు. 2012 ఏప్రిల్‌లో గూగుల్ తన లెక్కలో తెచ్చిన పెంగ్విన్ అనే మార్పు ఇలాంటివాటిని మొదటిసారి గట్టిగా దెబ్బతీసింది. 2016 నుంచి అది గూగుల్ ప్రధాన లెక్కలోనే భాగం. 2022 డిసెంబరు నుంచి స్పామ్‌బ్రెయిన్ అనే యంత్రం లింకులు కొనే సైట్లనూ, లింకులు అమ్మడానికే ఉన్న సైట్లనూ గుర్తిస్తోంది. ఈ యంత్రాలు ఎక్కువగా చేసేది శిక్ష వేయడం కాదు, ఆ లింకులను సున్నా చేయడం. అందుకే "పెనాల్టీ ఏమీ రాలేదే" అని గుంపు నడిపేవాళ్లు ధీమాగా ఉంటారు. ఏడాదికి ఇరవై డొమైన్ల రెన్యువల్ కట్టి సున్నా కొనుక్కుంటున్నారు.

చివరి అడుగు: మార్చాక కొలవండి

మార్పులన్నీ ఒకే రోజు చేయొద్దు. ముందు పట్టీ తీయండి, కొన్ని వారాలు ఆగండి, ఆ తర్వాత వ్యాసాల్లో లింకులు పెట్టండి. లేకపోతే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. మార్చిన తేదీలు షీటులో రాయండి. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలు దాచి ఉంచుతుంది కాబట్టి నిరుడు ఇదే కాలంతో పోల్చండి. ఆవకాయ సీజన్లో పెరిగిన క్లిక్కులను లింకుల ఘనత అనుకుంటే మోసపోతారు. మొత్తం సైటును కాదు, లింకు అందుకున్న పేజీనే వడపోసి చూడండి. ఇంప్రెషన్లు (వెతుకులాట ఫలితాల్లో పేజీ కనబడిన సార్లు) ముందు కదులుతాయి, క్లిక్కులు తర్వాత.

గూగుల్ అనలిటిక్స్‌లో రెండు డొమైన్లనూ ఒకే డేటా స్ట్రీమ్ కింద పెట్టి, ట్యాగ్ సెట్టింగుల్లో డొమైన్ల జాబితాలో రెంటినీ చేర్చండి. చేర్చకపోతే వంట పేజీ నుంచి దుకాణానికి వెళ్లిన మనిషి అక్కడ కొత్త మనిషిగా లెక్కలోకి వస్తాడు, అమ్మకం ఘనత మీ సొంత సైటు పేరు మీదే రెఫరల్‌గా (వేరే సైటు పంపిన రాకగా) పడుతుంది, గూగుల్ వెతుకులాట నుంచి వచ్చాడన్న సంగతి మరుగునపడుతుంది. డబ్బు కట్టే గేట్‌వే డొమైన్‌ను వద్దనుకున్న రెఫరల్స్ జాబితాలో పెట్టండి.

సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్ల (గూగుల్ సిబ్బంది చూసి వేసిన శిక్షల) పేజీని నాలుగు సైట్లకూ తెరిచి చూడండి. "మీ సైటు నుంచి అసహజ లింకులు" అని ఉంటే తప్పు మీ పేజీల్లో ఉంది, మీ చేతుల్లోనే ఉంది: తీసేయండి లేదా నోఫాలో పెట్టండి. "మీ సైటుకు అసహజ లింకులు" అని ఉంటే ముందు మీ సొంత సైట్ల నుంచి వచ్చేవి తీయండి, తర్వాత డబ్బిచ్చి వేయించినవి తీయించండి, తీయించలేనివాటికి డిసవో ఫైలు, అంటే ఈ లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు ఇచ్చే జాబితా. అది మామూలు టెక్స్ట్ ఫైలు. వరసకు ఒక చిరునామా, లేదా సైటు మొత్తానికైతే ఇంగ్లిష్‌లో డొమైన్ అన్న మాట, కోలన్, ఖాళీ లేకుండా సైటు పేరు. ఫైలు 2 ఎంబీకి, లక్ష వరసలకు మించకూడదు. కొత్త ఫైలు ఎక్కిస్తే పాతది పూర్తిగా పోతుంది కాబట్టి పాత జాబితాకే కలిపి ఎక్కించండి. నోటీసు రానివాళ్లు, లింకులు కొననివాళ్లు ఈ పనిముట్టు జోలికి పోనక్కర్లేదు. ఏదో టూలు ఎర్రగా చూపించిందని మంచి లింకులను కూడా చేజేతులా కొట్టేసుకుంటారు.

శిక్ష ఎత్తేయమని గూగుల్‌ను పునఃపరిశీలన కోరేటప్పుడు ఆ ఆరు వరుసల షీటుకే లింకు ఇవ్వండి. ఏ లింకు ఏ తేదీన తీశారో, ఎవరికి ఎన్నిసార్లు మెయిలు పెట్టారో, ఏవి తీయించలేకపోయారో కూడా అందులో రాసి పెట్టండి. మీ అర్జీని చూసేది మనిషే.